పడటం వచ్చిన మనిషి

పోయినేడు ఏప్రిల్‌లో, రేపల్లె బస్టాండులో, ఎవరి చెయ్యీ తగలకుండా మా ఆయన వెల్లకిలా పడిపోయాడు.

నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెప్పే హక్కు నాకుంది. మా ఆడపడుచు మనవడి అన్నప్రాసనకి వెళ్లి, సుష్టుగా భోంచేసి, తెనాలి బస్సు కోసం నిలబడ్డాం. ఎండ మాడ్చేస్తోంది. అక్కడ ఐసుదిమ్మలు తోసుకొచ్చే ఒక మనిషి బండి చెరుకురసం బండికి తగిలి గ్లాసులు పగిలాయి. రసం అమ్మే ముసలామె శాపనార్థాలు మొదలుపెట్టింది, అతను గొంతు పెంచాడు. మా ఆయనకి ఒక రోగముంది. ఎక్కడ గొంతు లేచినా వెళ్లి మధ్యలో నిలబడతాడు. నేను చెయ్యి పట్టుకుని లాగుతూనే ఉన్నాను. విదిలించుకుని వెళ్లి, "తమ్ముడూ, పెద్దావిడ, పోనీలే" అన్నాడు.

ఆ మనిషి అసలే ఎండలో ఉడికిపోయి ఉన్నాడు. చెయ్యి లేచింది. నెరిసిన తల చూశాడో ఏమో, లేచిన పిడికిలి మా ఆయన మొహానికి జానెడు దూరంలో ఆగిపోయింది. పిడికిలి ఆగినచోటే ఉంది. మా ఆయన మాత్రం అక్కడ లేడు. తల పక్కకి విసిరినట్టు తిరిగింది, ఒళ్లు గాల్లో ఒక మెలిక తిరిగింది, వీపూ అరచేతులూ ఒక్కసారే నేలకి తగిలి ధడ్‌మంది.

ఆయన గుండె ఆగిందనుకున్నాను. పరుగెత్తి పక్కన కూలబడి భుజం పట్టుకుని కుదిపాను. కళ్లు తెరిచే ఉన్నాయి, ఊపిరి మామూలుగానే ఉంది. పెదవులు కదిలీ కదలకుండా నన్ను అడిగాడు.

"కట్ చెప్పారా?"

అడిగాక, తను ఎక్కడున్నాడో ఆయనకి తెలిసింది. ఆ మొహం నేను ముప్పై ఏళ్ల కాపురంలో చూడలేదు. ఐసు బండి మనిషి అందరికంటే ఎక్కువ బెదిరిపోయాడు. "నేను కొట్టలేదండి, అమ్మతోడు, చెయ్యి తగల్లేదండి" అని చుట్టూ ఉన్నవాళ్లందరికీ చెప్పుకుంటున్నాడు. తగల్లేదని అందరూ చూశారు. అందుకే అందరూ నవ్వారు.

ఎందుకు పడ్డాడో తెలియాలంటే ఆయనెవరో తెలియాలి. మా ఆయన పేరు పురుషోత్తం. పుట్టింది నేత ఇంట్లో. మగ్గం గుంటలో కూర్చుని కాళ్లాడించీ ఆడించీ కాళ్లకి బలం వచ్చిందంటాడు. కరాటే తెనాలిలో నేర్చుకుని, ఇరవై ఒక్క ఏళ్లకి మద్రాసు రైలెక్కాడు. పాతికేళ్లు సినిమాల్లో ఉన్నాడు. ఒక్క సినిమాలో హీరో వేషం వేశాడు. అది తెనాలిలో పదకొండు రోజులాడింది, నేను మూడుసార్లు చూశాను. మిగతా రెండొందల చిల్లర సినిమాల్లో ఆయన పని దెబ్బలు తినడం. తినడమంటే తగలడం కాదు. హీరో పిడికిలి మొహానికి జానెడు దూరంలోంచి పోతుంది, ఆ సందు కనపడకుండా కెమెరా పెడతారు. ఆ పిడికిలి పోయే క్షణానికి సరిగ్గా తల తిప్పి, ఎగిరి, పడాలి. పడ్డాక కట్ చెప్పేదాకా కదలకూడదు. చెయ్యి చూసి పడేవాడు ఆలస్యంగా పడతాడట, అందుకని భుజం చూసి పడతారట. పాతికేళ్లు భుజాలు చూసిన ఒళ్లు అది. రేపల్లెలో ఆ ఒళ్లు ఆయన్ని అడక్కుండానే తన పని తను చేసుకుపోయింది.

మేం తెనాలి చేరేసరికే విజయవాడ నుంచి మా అమ్మాయి సింధు ఫోను. నాన్నని ఫోన్ చూడనివ్వకమ్మా అంది. అప్పటికే ఆయన చూసేశాడు.

బస్టాండులో ఎవరో తీసిన వీడియోకి "గాలికి పడ్డ కరాటే మాస్టర్" అని పేరు పెట్టి వదిలారు. ఒకడు దానికి పాట కలిపాడు. ఇంకొకడు ముందుకీ వెనక్కీ తిప్పాడు, పడ్డ మనిషి లేస్తాడు, మళ్లీ పడతాడు, మళ్లీ లేస్తాడు. పని లేని మంగలి పిల్లి తల గొరిగాడంటారు, మనూళ్లో ఫోనున్న ప్రతివాడూ మంగలే. మూడో రోజు పొద్దున మేం మార్కెట్టుకి వెళ్తుంటే టీ కొట్టు దగ్గర ఎవరో నోటితో "ఫూ" అని ఊదారు. నాకు ముందు అర్థం కాలేదు. ఇంకొకడు ఊదాడు. అప్పుడర్థమైంది. మా ఆయన తల దించుకుని నడుస్తున్నాడు. నేను వెనక్కి తిరిగి టీ కొట్టు దగ్గరికి పోయి, ఊదిందెవరో ముందుకి రమ్మన్నాను. పదిమంది ఊదారు గానీ ఒప్పుకోడానికి ఒక్కడు లేడు. ఆ టీ కొట్టువాడితో, ఆ ఊదేదేదో నీ పొయ్యిలో ఊదమను వీళ్లని, పుణ్యమైనా వస్తుందని చెప్పి వచ్చాను.

"కుండకి మూకుడు పెట్టగలంగానీ లోకానికి పెట్టగలమా, ఊరుకో" అన్నాడు మా ఆయన.

ఊరుకోడానికి నాకు చేతకాదు. ఎందుకంటే పోయేది ఏంటో నాకు తెలుసు. సినిమాలు మానేసి వచ్చాక ఆయన మునిసిపల్ స్కూలు గ్రౌండులో కరాటే క్లాసు పెట్టాడు. తెనాలిలో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరు. చిన్నా పెద్దా అందరికీ మాస్టారే. కూరగాయల బండి దగ్గర కూడా "మాస్టారూ, వంకాయలు లేతగా ఉన్నాయండి" అంటారు. ఆ ఒక్క సినిమా తప్ప, పాతికేళ్లు సినిమావాళ్లు ఆయన పేరు తెర మీద వెయ్యలేదు, ఈ ఊరు వేసింది. ఆ ఒక్క మాటా పోతే ఇక ఆ మనిషి దగ్గర ఏమీ ఉండదు. అప్పుడే వేసవి క్యాంపు మొదలయ్యే రోజులు. ముందటేడు నలభై ఆరుమంది పిల్లలొచ్చారు. ఈసారి చేర్పించినవాళ్లు కూడా ఒక్కొక్కరే వచ్చి పిల్లల్ని మానిపించుకుని పోయారు. ఒకావిడ పాపం మర్యాదస్తురాలు. "మావాణ్ణి చూసి తోటిపిల్లలు ఊదుతున్నారంటండి, రాత్రంతా ఏడ్చాడండి" అని చెప్పి, ఆయన కాళ్లకి దణ్ణం పెట్టి మరీ తీసుకెళ్లింది. రెండో వారానికి తొమ్మిదిమంది మిగిలారు. ఆ తొమ్మిదిమందిలో ముగ్గురి అమ్మానాన్నల దగ్గర ఫోన్లు లేవని నా అనుమానం.

ఆయన కొట్టుకుపోతుంటే నేను గట్టున కూర్చుని చూసేదాన్ని కాదు. ఒకరోజు కాఫీ ఇచ్చి చెప్పాను, ఇది ఒంటికి పట్టిన జబ్బు, దీన్ని వదిలిద్దాం అని. ఎట్లా అన్నాడు. నేను కొడతాను, మీరు పడకుండా నిలబడండి అన్నాను. ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. సరే అన్నాడు. ఎంత బెంగపడి ఉన్నాడో అప్పుడు తెలిసింది నాకు.

మర్నాడు పొద్దున్నే డాబా మీదకి వెళ్లాం. నేను కొంగు బిగించి, మొహానికి తగలకుండా పిడికిలి విసిరాను. ఆయన నిలబడ్డాడు. ఇంకోటి విసిరాను. నిలబడ్డాడు. పది దెబ్బలకి నాకు ఆయాసమొచ్చిందిగానీ ఆయన రెప్ప కూడా వాల్చలేదు. ఇలా వారం రోజులు నడిచింది. రోజూ ముప్పై దెబ్బలు, ఒక్కదానికీ పడలేదు. నేను మహా వైద్యం చేశాననుకుని పొంగిపోయాను. కింద వాటాలో ఉండే ఇంటి ఓనరు రంగమ్మగారు మెట్ల దగ్గర ఆపి, "ఏంటి శారదా, పొద్దున్నే ఆయన్ని కొడుతున్నావంట, అసలే నొచ్చుకుని ఉన్న మనిషి" అంది. జబ్బుకి మందండి అన్నాను. ఆవిడ నన్ను అదోలా చూసింది. మా ఆయన తన్నులు తినే రకమని ఆ వీధిలో ఇంకో వార్త పుట్టి ఉంటుంది.

ఎనిమిదో రోజున నేను చెయ్యి ఎత్తబోతుంటే ఆయన అన్నాడు. చాల్లే, వచ్చే నెల క్లాసు ఆపేస్తాను, గ్రౌండు తాళం హెడ్మాస్టరుకి ఇచ్చేస్తాను అన్నాడు. ఏదో ఉప్పు అయిపోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్లెవరో ఊదితే ఈయన క్లాసు ఆపేయడమా. ఇన్నేళ్లు ఆయన ఊళ్లు తిరిగితే ఒక్కదాన్ని పిల్లని పెంచుకుంటూ, ఆయన పడ్డ ప్రతిసారీ హాల్లో కళ్లు మూసుకుని కూర్చున్నది ఇందుకా. ఏమీ ఆలోచించలేదు. కాలు ఎట్లా వేశానో, నడుం ఎట్లా తిరిగిందో తెలియదు. నా పిడికిలి ఆయన మొహం ముందునుంచి పోయింది.

ఆయన ఎగిరి పడ్డాడు. డాబా ధడ్‌మంది. కింద రంగమ్మగారి వాటాలో గిన్నె ఏదో దొర్లింది.

నేను బిత్తరపోయి నోటి మీద చెయ్యేసుకున్నాను. ఆయన పడ్డచోటనే పడుకుని ఆకాశంలోకి చూస్తూ నవ్వుతున్నాడు. రేపల్లె నుంచి వచ్చాక అదే మొదటి నవ్వు.

"అదే శారదా దెబ్బంటే. ఇన్నాళ్లూ ఈగలు తోలావు. ఇప్పుడు కొట్టావు" అన్నాడు.

తర్వాత లేచి కూర్చుని, నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నా మడమ లేచిందట, నడుం తిరిగిందట, నడుం వెంట భుజం వచ్చిందట. దెబ్బ నిజమైతే తగలకపోయినా ఒంటికి తెలుస్తుందట. దొంగ దెబ్బకి ఆయన ఒళ్లు పడదట, పడమన్నా పడదట. రేపల్లె మనిషి రోజూ బరువులు ఎత్తేవాడు, అతనిది మంచి దెబ్బ, అందుకే పడ్డానన్నాడు. "జబ్బు కాదే. పని. పని వచ్చినవాణ్ణి కాబట్టి పడ్డాను" అని రెండుసార్లు అన్నాడు. రెండోసారి అన్నది నాకు కాదు, తనకి తను చెప్పుకోడానికి. తాళం సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ వారంలోనే వినయ్ కుమార్ అనే ఆయన కారేసుకుని వచ్చాడు. సినిమా కంపెనీ మేనేజరు. బాపట్ల దగ్గర సూర్యలంక బీచిలో షూటింగు జరుగుతోందట, కొత్త కుర్రాడు హీరోనట, మాస్టారికి ఒక వేషం ఉందట. కరాటే గురువు వేషం. హీరో కొడతాడు, గురువు పడతాడు. "అచ్చం ఆ వీడియోలో పడ్డట్టే పడాలండి. జనానికి బాగా తెలిసిన పడటం కదండి" అన్నాడు నవ్వుతూ.

నేను కాఫీ ఇవ్వకుండానే పంపించేద్దామనుకున్నాను. మా ఆయన వస్తానన్నాడు.

కారు సందు దాటిందో లేదో నేను మొదలుపెట్టాను. సిగ్గుండాలి అన్నాను, పుండు మీద కారం చల్లడానికి పిలిస్తే పళ్లెం పట్టుకుని పోతారా అన్నాను, ఇంకా చాలా అన్నాను. ఆయన అంతా విన్నాడు.

"బస్టాండులో పడితే నవ్వులాట. కెమెరా ముందు పడితే పని" అన్నాడు. "పదకొండేళ్లయింది నన్ను పిలిచి. నా పని నేను చేసి చూపిస్తే ఊదేవాళ్లు వాళ్లంతట వాళ్లే ఆపుతారు."

అయితే నేనూ వస్తానన్నాను. నోరు మూసుకుని కూర్చుంటానని మాటిస్తే రమ్మన్నాడు. ఇచ్చాను.

మే నెల రెండో వారం. పొద్దున రైల్లో బాపట్లలో దిగి, కంపెనీ పంపిన వ్యానులో సూర్యలంక చేరాం. సరుగుడు తోపు పక్కన గొడుగులు, లైట్లు, ఏసీ బండి. పదిమంది ఫైటర్లు నీడలో కూర్చుని ఉప్మా తింటున్నారు. మా ఆయన్ని చూడగానే ప్లేట్లు కింద పెట్టి లేచారు. వాళ్లలో పెద్దవాడు సామ్యేలు, ముప్పై అయిదు దాటినవాడు, కర్లపాలెం మనిషి. ఒకప్పుడు మా గ్రౌండులోనే నేర్చుకున్నాడు, మా ఇంట్లో అన్నం తిన్నాడు. ఇప్పుడు మిగతా కుర్రాళ్లకి పడటం నేర్పేది అతనే. నన్ను చూసి, "అమ్మా, బాగున్నారా" అని కుర్చీ తెచ్చి గొడుగు కింద వేశాడు. మా ఆయన వాళ్ల మధ్య కూర్చుని ఉప్మా తిన్నాడు. ఎవరి మోకాలు ఎట్లా ఉందో, ఎవరి నడుం ఎట్లా ఉందో మాట్లాడుకున్నారు. నెల రోజుల తర్వాత ఆయన వీపు నిటారుగా ఉండటం చూశాను. రావడం మంచిదే అయిందనుకున్నాను.

తెల్ల కరాటే బట్టలు, నల్ల బెల్టు ఇచ్చారు. వేసుకుని ఇసకలోకి వెళ్లాడు. డైరెక్టరుకి ముప్పై ఏళ్లుంటాయేమో, టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. షాటు ఏంటో చెప్పాడు. గురువు పెద్దగా అరుచుకుంటూ మీదకి వస్తాడు. హీరో చెరుకుగడ నములుతూ ఉంటాడు. చూడను కూడా చూడడు. తల తిప్పి నోటితో ఊదుతాడు. గురువు ఎగిరి వెల్లకిలా పడతాడు. ఆ వెనకే పదిమంది శిష్యులు వస్తారు. మళ్లీ ఊదుతాడు. పదిమందీ పడతారు.

నేను కుర్చీ చేతుల్ని పట్టుకుని కూర్చున్నాను. మాటిచ్చాను కదా.

"కొడతారన్నారు కదండి" అన్నాడు మా ఆయన.

"కొట్టడం పాతదైపోయింది మాస్టారూ. ఊదితే థియేటరు ఊగిపోద్ది" అన్నాడు డైరెక్టరు.

మా ఆయన, షాటుకి ఇసకలో గీసిన గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. నా పెళ్లయిన దగ్గర్నుంచి ఆయన మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు, అంత జాలీ ఎప్పుడూ వెయ్యలేదు. యాక్షన్ అన్నారు. ఆయన అరుచుకుంటూ వచ్చాడు, ఆ అరుపు పాతికేళ్ల కిందటి అరుపే. హీరో కుర్రాడు తల తిప్పి ఊదాడు.

మా ఆయన నిలబడి ఉన్నాడు.

కట్ అన్నారు. ఏమైందని అడిగారు. "రాలేదు సార్" అన్నాడు. మళ్లీ తీశారు. మళ్లీ ఊదాడు. నిలబడే ఉన్నాడు. మూడోసారికి డైరెక్టరు గొడుగు కిందనుంచి లేచి వచ్చాడు.

"ఏంటి మాస్టారూ, రేపల్లెలో ఎవడూ ముట్టుకోకుండానే పడ్డారుగా?"

"అక్కడ దెబ్బ వచ్చింది సార్. చెయ్యి తగల్లేదుగానీ దెబ్బ వచ్చింది. ఇక్కడ గాలి వస్తోంది."

ఎవరో కిసుక్కుమన్నారు. డైరెక్టరు మొహం ఎర్రబడింది. మా ఆయన గొంతు పెంచలేదు. క్లాసులో పిల్లలకి చెప్పినట్టే చెప్పాడు.

"హీరో బాబుగారిని కొట్టమనండి సార్. ఇసకలో ఎందుకు, రాళ్ల మీద పడమన్నా పడతాను. సరిగా రాకపోతే నేర్పుతాను, సాయంత్రానికి వచ్చేస్తుంది. ఊదితే మాత్రం పడను. ఊదితే పడేవాణ్ణి పడేస్తే అందులో బాబుగారి గొప్పేముంది?"

డైరెక్టరు వినయ్ కుమార్‌ని పిలిచి, ఈయన్ని పంపించెయ్, బట్టలు తీసుకో అన్నాడు. అక్కడున్న అందరికీ వినపడేంత గట్టిగా అన్నాడు.

మా ఆయన అక్కడే నిలబడి బెల్టు విప్పాడు. చొక్కా విప్పి, మడతపెట్టి, దాని మీద బెల్టు పెట్టి ఇచ్చాడు. బనీనుతో నా దగ్గరికి వచ్చి, "పద శారదా, పదకొండున్నర రైలు దొరుకుతుంది" అన్నాడు. నేను లేచాను. ఆయన వీపుకి అంటిన ఇసక దులిపాను. ఇసక లేదు అక్కడ, ఆయన పడితే కదా.

వ్యాను మాకు ఇచ్చేది లేదన్నారు. ఆటో కోసం చూస్తూ సరుగుడు చెట్ల కింద నిలబడ్డాం. అవతల ఆ బట్టలు సామ్యేలుకి తొడుగుతున్నారు. అతనికి భుజాల దగ్గర బిగుతైంది. గీత దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు. మేమున్న వైపు చూడలేదు. మా ఆయన సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. తన శిష్యుడు ఊదితే పడటం చూడలేక తిరిగాడని నాకు తెలుసు. నేను మాత్రం చూశాను.

యాక్షన్ అన్నారు. సామ్యేలు అరుచుకుంటూ వచ్చాడు. హీరో ఊదాడు. సామ్యేలు నిలబడ్డాడు.

"ఏంటి సామ్యేలూ?"

"రావట్లేదు సార్."

ఇంకొకణ్ణి పిలిచారు. బట్టలు మార్చారు. ఊదారు. "నాకూ రావట్లేదు సార్" అన్నాడు వాడు. వాడు పాతికేళ్లవాడు, మా ఆయన్ని ఆ పొద్దునే మొదటిసారి చూసినవాడు. మూడోవాణ్ణి పిలిచారు. ఆ తర్వాత బట్టలు మార్చడం మానేసి, పదిమందినీ వరసగా నిలబెట్టి ఊదించారు. పదిమందీ నిలబడే ఉన్నారు. ఒకరికొకరు సైగ చేసుకోలేదు, ముందు అనుకున్నదీ లేదు. వాళ్లని కసరాల్సిన ఫైట్ మాస్టరు వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు. ఆ లేసు కట్టడం ఎంతకీ అవలేదు.

వినయ్ కుమార్ సామ్యేలు దగ్గరికి పరుగెత్తాడు. యూనియన్‌కి రాస్తాం, కార్డు పోతుంది, పిల్లలున్నవాడివి ఆలోచించుకో అన్నాడు. సామ్యేలు చేతులు కట్టుకుని, మర్యాదగానే చెప్పాడు.

"ఊదితే పడటం మాకెవరూ నేర్పలేదండి."

అప్పుడు మా ఆయన వెనక్కి తిరిగాడు. పదిమంది నిలబడి ఉండటం చూశాడు. చేత్తో కళ్లు తుడుచుకోబోయి, పక్కన నేనున్నానని ఆపుకున్నాడు. నేను ఆపుకోలేదు. ఇచ్చిన మాట నోరు మూసుకుంటానని కదా, ఏడవనని కాదు.

ఆ రోజు ఇక షూటింగు జరగలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి కాబట్టి తర్వాతి సంగతీ చెబుతాను. ఆ పదిమందికీ మూడు నెలలు ఎక్కడా పని దొరకలేదు. మా ఆయన ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నా వల్ల మీ పొట్ట మీద దెబ్బ పడిందని బాధపడ్డాడు. సామ్యేలు అయితే, ఆ మాట ఇంకోసారి అంటే ఫోన్ ఎత్తనన్నాడు. ఆ సీను వాళ్లు ఎవర్నో తెచ్చి తీసుకున్నారు. సినిమా వచ్చింది, ఊదితే పడ్డారు, హాల్లో నవ్వారట. మేం వెళ్లలేదు. ఇప్పటికీ మా సందు మొగలో ఎవడో ఒకడు ఊదుతూనే ఉంటాడు.

కానీ సూర్యలంక నుంచి వచ్చిన మర్నాడు పొద్దున ఆయన నాకంటే ముందే లేచాడు. నేను కాఫీ పట్టుకుని వచ్చేసరికి గ్రౌండుకి వెళ్లిపోయాడు. కాఫీ ఫ్లాస్కులో పోసుకుని నేనూ వెళ్లాను. తొమ్మిదిమంది పిల్లలు వరసగా నిలబడ్డారు. ఇన్నేళ్లూ మొదట నేర్పే పాఠం పిడికిలి పట్టడం. ఆ రోజు మాత్రం పిడికిలి తర్వాత, ఇవాళ పడటం నేర్చుకుందాం అన్నాడు. ప్రహరీ అవతల ఆగిన మోటారుసైకిళ్ల మీద ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు ఫోన్లు పైకెత్తి నిలబడ్డారు. పిల్లలు ప్రహరీ వైపు చూసి, ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. ఎవరూ ముందుకి రాలేదు. ఆయన రమ్మని బలవంతపెట్టలేదు, అలాగే నిలబడ్డాడు.

నేను ఫ్లాస్కు మెట్టు మీద పెట్టాను. చెప్పులు విడిచాను. కుచ్చిళ్లు పైకి దోపుకుని, పిల్లల వరస చివర పదోదాన్నయి నిలబడ్డాను. నాకు యాభై మూడేళ్లు, కుడి మోకాలు నా మాట వినదు. ఆయన నన్ను చూసి ఇంటికి పొమ్మనలేదు, నవ్వనూ లేదు. మిగతావాళ్లని పిలిచినట్టే, "ముందుకి రా" అన్నాడు.

వెళ్లాను. ఆయన దెబ్బ విసిరాడు. పెద్ద చప్పుడు చేస్తూ పడ్డాను. ప్రహరీ అవతల నవ్వులు వినపడ్డాయి. నడుం కలుక్కుమంది.

"అరచెయ్యి ముందు తగలాలి, వీపు తర్వాత. లే, మళ్లీ" అన్నారు మాస్టారు.

లేచాను. మళ్లీ పడ్డాను.